ఫోటోషాపా, గింపా? వెబ్ గ్రాఫిక్స్ మొదలుపెట్టేవారికి

ఫోటోషాప్, గింప్ రెండూ ఫోటోలు, బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్లే.

ఖర్చు: ఫోటోషాప్ కొత్త వెర్షన్లు 2013 నుంచి చందా మీదే దొరుకుతున్నాయి. చందా ఆపితే పని కూడా ఆగుతుంది. గింప్ పూర్తిగా ఉచితం, లినక్స్‌లోనూ నడుస్తుంది.

శ్రమ: ఫోటోషాప్‌కు పాఠాలు కోకొల్లలు. గింప్‌కు అన్ని లేవు, పైగా మొదట్లోనే ఒక చిక్కు ఎదురవుతుంది. ‘సేవ్’ నొక్కితే గింప్ సొంత రకమైన ఎక్స్‌సీఎఫ్ ఫైలు వస్తుంది, దాన్ని బ్రౌజర్ చూపించదు. వెబ్‌లో వాడే పీఎన్‌జీ, జేపెగ్ ఫైళ్లు కావాలంటే ‘ఎక్స్‌పోర్ట్’ చేయాలి. నా దృష్టిలో ఇది మంచి అలవాటే నేర్పుతుంది. లేయర్లున్న, అంటే బొమ్మలోని భాగాలు విడివిడి పొరలుగా ఉన్న అసలు ఫైలు మన దగ్గర భద్రంగా ఉంటుంది, సైటుకు నకలు వెళుతుంది. బ్యానర్‌లో ఒక్క అక్షరం మార్చాల్సి వచ్చిన రోజున దాని విలువ తెలుస్తుంది.

దిద్దుబాటు: ఫోటోషాప్‌లో అసలు బొమ్మను మార్చకుండా పైన వేసే అడ్జస్ట్‌మెంట్ లేయర్లతో రంగులను ఎప్పుడైనా తిరిగి సవరించవచ్చు. గింప్‌లో ఫిల్టర్లను అలా తర్వాత మార్చుకునే వీలు 2025లో వచ్చిన 3.0తో అందింది. పాత వెర్షన్ పెట్టుకోకండి.

ముప్పు: ఫోటోషాప్ సొంత రకమైన పీఎస్‌డీ ఫైళ్లను గింప్ తెరుస్తుంది, కానీ కొన్ని ఎఫెక్టులు చెదరవచ్చు.

సొంత సైటుకు బ్యానర్లు, ఐకాన్లు, ఫోటోల సైజు తగ్గించడం వరకే అయితే గింప్ చాలు. డిజైన్ ఉద్యోగం చూస్తున్నా, ఇతరులతో పీఎస్‌డీలు పంచుకోవాల్సి ఉన్నా ఫోటోషాప్ నేర్చుకోండి.