లార్జా, స్మాలా? హోమ్ థియేటర్‌తో దాదాపు ఆరేళ్లు

మా హాల్లో హోమ్ థియేటర్ పెట్టి వచ్చే దసరాకి ఆరేళ్లు. స్పీకర్లన్నిటికీ శబ్దం పంచిపెట్టే రిసీవర్ ఒకటి, ముందు రెండు టవర్ స్పీకర్లు, మధ్యలో మాటల కోసం ఒక సెంటర్, వెనక రెండు చిన్న సరౌండ్‌లు, లోతైన బేస్ కోసం పది అంగుళాల సబ్‌వూఫర్. కంపెనీల పేర్లు రాయడం లేదు. నేను చెప్పబోయే మెనూ ఏ రిసీవర్‌లోనైనా కాస్త అటూ ఇటుగా ఒకటే. స్పీకర్ సైజు లార్జా, స్మాలా? క్రాసోవర్ ఎంత? ఈ రెండిటికీ తప్పు జవాబు పెట్టుకుని రెండేళ్లు విన్నాను. అందులో ఒక ఏడాది బాగుందనే అనుకున్నాను.

బిగించడానికి వచ్చిన షాపు కుర్రాడు మెనూ తెరిచి, "సార్, ఇంత పెద్ద టవర్లు కొని స్మాల్ అని పెట్టుకుంటారా?" అన్నాడు. నిజమే కదా అనిపించింది. నా నడుము దాటి ఉన్నాయి అవి. తర్వాత నేను మైకు పెట్టి ఆటో కాలిబ్రేషన్ చేశాను, అంటే రిసీవరే మైకుతో విని సెట్టింగులు పెట్టుకోవడం. అది మే నెల. ఫ్యాను, ఏసీ ఆపేసి, ఇంట్లో అందరినీ లోపలి గదిలోకి పంపి, సోఫా చుట్టూ ఎనిమిది చోట్ల మైకు మారుస్తూ చెమటలు కక్కుకుంటూ కూర్చున్నాను. ఆఖర్న తెర మీద వచ్చింది: ఫ్రంట్, లార్జ్. కుర్రాడూ మెషీనూ ఒకే మాట అన్నాక ఇక అనుమానం ఎందుకు?

అనుమానం పాటల దగ్గర వచ్చింది. సినిమా పెడితే సబ్‌వూఫర్ గుమ్మని మోగేది. పాత పాటలు పెట్టుకుంటే పావుగంటకి దాని లైటు ఆకుపచ్చ నుంచి ఎరుపుకి మారిపోయేది. సిగ్నల్ రాకపోతే నిద్రపోయే రకం అది. వైరు మార్చాను, ప్లగ్గు మార్చాను. చివరికి సర్వీసు మనిషిని పిలిస్తే, ఆయన సినిమా పెట్టి చూసి, "బానే ఉంది కదండీ" అని విజిటింగ్ చార్జీ తీసుకుని వెళ్లిపోయాడు.

సబ్‌వూఫర్‌కి ఏ రోగమూ లేదు. మా దానిలా ఐదు స్పీకర్లూ ఒక సబ్‌వూఫరూ ఉన్న సెట్టుని 5.1 అంటారు. ఆ చివరి '.1' ఉంది చూశారూ, అది సినిమాల్లో బేస్ ఎఫెక్టుల కోసం విడిగా పెట్టిన ఛానెల్, మెనూల్లో దాని పేరు ఎల్ఎఫ్ఈ. స్టీరియో పాటలో అది ఉండదు. లార్జ్ అని పెట్టడమంటే "ఈ స్పీకర్ బేస్ మొత్తం ఇదే చూసుకుంటుంది, సబ్‌కి ఏమీ పంపకు" అని రిసీవర్‌కి చెప్పడం. అది చెప్పినట్టే చేసింది. వేలు పోసి కొన్న సబ్‌వూఫర్ పాటలప్పుడు స్టూలులా పడి ఉంది.

ఆ రెండు పేర్లు పెట్టినవాళ్లెవరో గానీ మనల్ని బాగా తప్పుదోవ పట్టించారు. స్మాల్‌కీ పెట్టె కొలతకీ సంబంధం లేదు. ఫలానా హెర్ట్జ్‌కి (సెకనుకి ఎన్ని కంపనాలో చెప్పే అంకె, తగ్గేకొద్దీ శబ్దం లోతు) కిందున్న శబ్దాన్ని సబ్‌కి మళ్లించు అన్నదే దాని అర్థం. ఆ ఫలానా అంకే క్రాసోవర్. అదేమీ గోడ కాదు, వాలు. 80 పెడితే టవరు 79 దగ్గర ఠక్కున ఆగదు, కిందికి వెళ్లేకొద్దీ మెల్లగా తగ్గుతుంది. అటువైపు నుంచి సబ్ అందుకుంటుంది.

ఇంకోటి, టవర్ల పెట్టె మీద "38 హెర్ట్జ్ నుంచి" అని రాసి ఉంది. ఆ అంకె దగ్గరికొచ్చేసరికి శబ్దం ఎన్ని డెసిబెల్స్ పడిపోయిందో చిన్న అక్షరాల్లో వేస్తారు, కొన్నిసార్లు అదీ వేయరు. పైగా అదే గట్టితనంతో 80 నుంచి 40కి దిగాలంటే కోన్, అంటే స్పీకర్‌లో ముందుకీ వెనక్కీ ఊగే గరాటు, నాలుగు రెట్లు ఊగాలి. ఆరున్నర అంగుళాల కోన్ ఆ ఊగుడంతా ఊగుతూ, అదే సమయంలో గొంతులూ వయొలిన్‌లూ శుభ్రంగా పలకాలంటే ఎలా?

ఒక ఆదివారం మధ్యాహ్నం ఫ్రంట్‌ని స్మాల్ చేసి 80 పెట్టాను. బేస్ పెరుగుతుందని ఎదురుచూస్తూ కూర్చున్నాను. తేడా మొదట కనిపెట్టింది మా ఆవిడ, వంటింట్లోంచి. "ఏమండీ, ఇవాళ పాటలో మాటలు తెలుస్తున్నాయేంటి?" బేస్ సంగతి నాకు ఆ తర్వాతే చెవికెక్కింది. డోలు దెబ్బ పడి ఆగిపోతోంది, వెనకటిలా సాగడం లేదు.

80 ఎందుకంటే, సినిమా శబ్దానికి ప్రమాణాలు పెట్టే టీహెచ్ఎక్స్ వాళ్లు తమ హోమ్ థియేటర్ ప్రమాణంగా తీసుకున్న అంకె అది. దాదాపు ఆ కింద శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి పట్టుకోలేదు. 80 హెర్ట్జ్ అల పొడవు 4.3 మీటర్ల దాకా ఉంటుంది మరి. అందుకే సబ్ ఏ మూలన ఉన్నా మోత తెర మీది నుంచే వచ్చినట్టు ఉంటుంది.

అక్కడితో ఊరుకుంటే నేనెందుకవుతాను? ఎల్ఎఫ్ఈ ప్లస్ మెయిన్ అని ఒక ఆప్షన్ కనబడింది. ఫ్రంట్‌ని మళ్లీ లార్జ్ చేసి అది పెడితే టవర్లూ మోగుతాయి, అదే బేస్ సబ్ కూడా మోగిస్తుంది. ఉన్నవాటన్నిటినీ పనిలో పెట్టొచ్చు అనుకున్నాను. మా అమ్మ వచ్చి, "ఒరేయ్, పక్కింట్లో గ్రైండర్ తిరుగుతోందా?" అంది. మూడు చోట్ల నుంచి ఒకే బేస్ వస్తే గదిలో ఒకచోట కలిసి పెరుగుతుంది, ఇంకోచోట ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. రెండు రోజులకే తీసేశాను.

అసలు బుద్ధి తక్కువ పని ఇంకోటి చేశాను. సబ్ వెనకాల కూడా క్రాసోవర్ నాబ్ ఉంటుంది. ఎవరు తిప్పారో గానీ అది 60 దగ్గర ఉంది. రిసీవర్‌లో 80, సబ్‌లో 60. టవరు పైనే దిగిపోతోంది, సబ్ కిందే ఉండిపోతోంది, మధ్యలో ఎవరూ లేరు. 20 నుంచి 200 దాకా మెల్లగా ఎక్కే టోన్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వింటే తెలిసింది. 60 దాటగానే ఎవరో వాల్యూమ్ తగ్గించినట్టు కుంగి, 90 దగ్గర మళ్లీ లేచింది. రిసీవర్ క్రాసోవర్ చూసుకుంటున్నప్పుడు ఆ నాబ్‌ని అన్నిటికంటే పెద్ద అంకె దాకా తిప్పేయాలి, లేదా ఎల్ఎఫ్ఈ అని స్విచ్ ఉంటే అందులో పెట్టాలి. తిప్పాక కూడా కొంచెం గుంట మిగిలింది. మెనూలో సబ్ దూరాన్ని, అంటే సోఫాకి సబ్ ఎంత దూరమో చెప్పే అంకెని, అడుగు అడుగు పెంచుకుంటూ పోతే మూడో అడుగు దగ్గర అది పూడింది. కాలిబ్రేషన్ ఇచ్చిన దూరం టేపు కొలతతో కలవకపోతే ఖంగారు పడక్కర్లేదు. సబ్ లోపలి సర్క్యూట్ ఆలస్యం కూడా అందులో కలుస్తుంది.

మెనూలో ఎల్ఎఫ్ఈకి లో-పాస్ అని 120 కనిపిస్తుంది. అది వేరే సంగతి, ఆ '.1' ఛానెల్‌కి మాత్రమే. దాన్ని కదిలించకండి.

సరౌండ్‌ల దగ్గర ఉల్టా తప్పు చేశాను. నాలుగంగుళాలవి కదా పాపం అని ఆటో ఇచ్చిన 100ని 150 చేశాను. వెనక నుంచి రావాల్సిన హెలికాప్టర్ బరువంతా టీవీ పక్కనున్న సబ్ దగ్గరికి జారిపోయింది. మళ్లీ 100. ఆటో ఇచ్చిన అంకె కంటే కిందికి మాత్రం ఎప్పుడూ దించలేదు. ఆ స్పీకర్ దగ్గర లేనిదాన్ని అడిగినట్టవుతుంది. సెంటర్‌కి ఆటో 60 ఇచ్చింది, నేను 80 చేశాను. అయినా మగ గొంతులు కుండలోంచి మాట్లాడినట్టే ఉండేవి. అది టీవీ యూనిట్ అరలో లోపలికి తోసి ఉంది. అర అంచు దాకా ముందుకు లాగితే సగం రోగం పోయింది, 100 చేస్తే మిగతాది.

కింద ఫ్లోర్ అంకుల్ ఒకరోజు లిఫ్టులో, "బాబూ, రాత్రి సినిమా ఏంటి? మాకు మాటలు రావట్లేదు, దడదడే వస్తోంది" అన్నారు. సిగ్గేసింది. క్రాసోవర్ తగ్గించి చూశాను, లాభం లేదు. శ్లాబు దిగి ఆయన్ని లేపేది 30, 40 దగ్గరి శబ్దం. అది ఎలాగూ సబ్‌దే. మందపాటి ఫోమ్ మీద గ్రానైట్ ముక్క వేసి సబ్‌ని దాని మీద ఎక్కించాను, పది దాటాక సబ్ లెవెల్ 4 డెసిబెల్స్ తగ్గిస్తున్నాను, తక్కువ వాల్యూమ్‌లో బేస్ పెంచే ఫీచర్ ఆపేస్తున్నాను. ఆయన మళ్లీ అడగలేదు. మర్యాద కొద్దీ అడగలేదేమో కూడా.

ఏ సెట్టింగూ బాగుచేయలేనిది ఒకటుంది, గది. మా హాలు పొడవు 14 అడుగులు. దాని మొదటి అనునాదం, అంటే గది తనంతట తానే మోతని పెంచే చోటు, 40 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, గోడలకి ఆనుకుని ఆ మోత ఎక్కువ. సోఫాని వెనక గోడ నుంచి రెండడుగులు ముందుకి జరిపాక అక్కడ బేస్ కుదురుకుంది. గోడకి ఆనించిన పేము కుర్చీ మాత్రం అక్కడే ఉంది. అందులో కూర్చుంటే 80 పెట్టినా, 60 పెట్టినా కడుపులో గుమ్మని తిరుగుతుంది. మా బావమరిది ఎప్పుడొచ్చినా తిన్నగా వెళ్లి ఆ కుర్చీలోనే కూర్చుంటాడు. "ఇక్కడికైతే బాగా కొడుతోంది బావా, ఆ సోఫాలో ఏముంది?" అంటాడు.