కాశీరాజు తవ్వించిన ఇంగ్లీషు బావి

ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో చిల్టర్న్ కొండల మీద స్టోక్ రో అని చిన్న ఊరుంది. టూరు ప్యాకేజీలు అటు వెళ్లవు. ఊరి రోడ్డు పక్కనే ఒక గుమ్మటం, దాని కింద బంగారు రంగు ఏనుగు, ఏనుగు కింద బావి. తవ్వించింది కాశీ మహారాజు ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్!

ఆ పక్క ఊరు ఇప్స్‌డెన్ వాడైన ఎడ్వర్డ్ రీడ్ మన దేశంలో పెద్ద అధికారిగా పనిచేశాడు. 1831లో ఆజంగఢ్ దగ్గర జనం కోసం ఒక బావి తవ్వించాడు కూడా. ఆయన ఒకసారి మాటల్లో తన ఊరి కష్టం రాజుగారికి చెప్పాడట. అక్కడిది సుద్ద నేల, పడిన వాన పడినట్టే ఇంకిపోతుంది. ఇంట్లో మిగిలిన నీళ్లన్నీ తాగేశాడని ఒక తల్లి పిల్లాణ్ణి చితకబాదిందట. రాజుగారు అది మర్చిపోలేదు. 1863లో పని మొదలై, 1864 మే 24న, విక్టోరియా రాణి పుట్టినరోజున, బావి ప్రారంభమైంది.

వెడల్పు 4 అడుగులు, లోతు 368 అడుగులు. రెండు చార్మినార్లు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. అంతా మనుషులు చేత్తో తవ్విందే. నీళ్లు ఉచితం, నిర్వహణ ఖర్చుల కోసం పక్కనే చెర్రీ తోట వేసి ‘ఈశ్రీ బాగ్’ అన్నారు, చేప ఆకారంలో ఉన్న చెరువుకి ‘మత్స్య’ అని పేరు. 1857 తర్వాత దొరల మెప్పు కోసం చేశాడని అనేవాళ్లు అనొచ్చు. నాకు మాత్రం ఇది ఎదురు పారిన నీరులా అనిపించింది.

చూడ్డానికి గంట చాలు, టికెట్టు లేదు. దీనికోసమే లండన్ నుంచి రోజంతా కేటాయించక్కర్లేదు. థేమ్స్ ఒడ్డున ఉన్న హెన్లీతో కలుపుకుంటే సరిపోతుంది. మేం దిగిన హెన్లీ బి అండ్ బీలో (బసతో పాటు పొద్దున టిఫిను పెట్టే చిన్న విడిది) గది ముచ్చటగా ఉంది, టిఫినూ బాగుంది, కానీ మెట్లు నిటారుగా ఉన్నాయి. అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లకి దగ్గర్లోని రెడింగ్ పట్నంలో దిగడమే మేలు. లండన్‌లోని ప్యాడింగ్టన్ స్టేషన్ నుంచి వేగంగా వెళ్లే రైల్లో అరగంట, గదులు చవక, మన భోజనమూ దొరుకుతుంది. అక్కణ్ణుంచి కారుంటే హాయి. బస్సుని నమ్ముకుంటే ముందే వేళలు చూసుకోండి.

స్టోక్ రోలోనే క్రుకెడ్ బిల్లెట్ అనే పాత పబ్ ఉంది. ‘టైటానిక్’ నాయిక కేట్ విన్‌స్లెట్ 1998లో తన పెళ్లి విందు ఇక్కడే ఇచ్చింది. మేం పులిహోర కట్టుకెళ్లాం కాబట్టి లోపలికి వెళ్లలేదు.

జులై మొదట్లో హెన్లీలో పడవ పందేలు, 1839 నుంచీ జరుగుతున్నవి. ఆ వారం అక్కడ గది కోసం వెతక్కండి, రేట్లు చూస్తే కళ్లు తిరుగుతాయి.