తెరచాప ఓడా, ఆవిరి ఓడా: 1885లో కళాసీకి ఏది మేలు?

లండన్ రేవులో పని వెతుక్కునే కుర్రాడికి అప్పట్లో రెండు దారులు. ఒకటి, సిడ్నీ నుంచి ఉన్ని తెచ్చే కట్టీ సార్క్ లాంటి తెరచాప ఓడ. రెండోది, సూయజ్ కాలువ మీదుగా తూర్పుకు పోయే ఆవిరి ఓడ.

పేరంతా మొదటిదానిదే. ఆ ఏడాది చివర్లో కట్టీ సార్క్‌ను దాని కెప్టెన్ ఉడ్‌గెట్ సిడ్నీ నుంచి 73 రోజుల్లో ఇంగ్లండ్ చేర్చాడు. అయితే ఆ వేగం వెనక ఎవరి నిద్ర పోయిందో కూడా చూడాలి. కళాసీలు రెండు జట్లు. నాలుగు గంటలు పని, నాలుగు గంటలు విశ్రాంతి. అలా అయితే రోజుకు ఆరు వంతులు, నడిరాత్రి కాపలా ఎప్పుడూ ఒకే జట్టు నెత్తిన పడుతుంది. అందుకని సాయంత్రం 4 నుంచి 8 దాకా ఉండే వంతును రెండుగా విరిచారు. వంతులు ఏడయ్యాయి, వేళలు రోజూ మారుతూ వచ్చాయి. లెక్క న్యాయంగానే ఉంది, నిద్ర మాత్రం నాలుగు గంటలు దాటదు. పైగా దక్షిణ అమెరికా దక్షిణపు కొన, కేప్ హార్న్ దగ్గర గాలి ముదిరితే పడుకున్నవాళ్లు కూడా లేచి, తెరచాపలు వేలాడే అడ్డకొయ్యల మీదికి పాకి, తడిసి బిగుసుకున్న తెరచాపలు చుట్టాల్సిందే. పడుకునే గడ్డి పరుపు కూడా సొంత డబ్బుతో కొనుక్కున్నదే!

తిండి గురించి చెప్పేదేముంది? ఉప్పు మాంసం, రాయిలాంటి బిస్కట్లు, చట్టం పుణ్యమా అని నిమ్మరసం.

ఆవిరి ఓడ గాలి కోసం కాచుకోదు. ప్రయాణం తక్కువ, ఇల్లు త్వరగా చేరొచ్చు. కానీ అడుగున బాయిలర్ల ముందు బొగ్గు వేసే పని నరకం. నాలుగు గంటల పనికి ఎనిమిది గంటల విశ్రాంతి ఇచ్చేవారంటేనే ఆ వేడి ఎంతటిదో ఊహించుకోవచ్చు. వేడి దేశాలవాళ్లు తట్టుకుంటారన్న సాకుతో అక్కడ మన ఉపఖండం నావికులను, అంటే లాస్కర్లను, అదీ తక్కువ జీతానికి పెట్టుకున్న కంపెనీలు చాలానే ఉన్నాయి.

ఆఫీసర్ కావాలన్న ఆశ ఉంటే కొన్నేళ్లు తెరచాప కింద నలగక తప్పదు. చాలా కంపెనీలు ఆ అనుభవాన్నే అడిగేవి. ఆ ఆశ లేకపోతే? ఆవిరి ఓడే, అదీ డెక్ మీద పని దొరికితేనే. బాయిలర్ గదిలోకి పొమ్మంటే మాత్రం నేను కేప్ హార్న్ చలికే ఓటేస్తాను. ఆ చలి పని కూడా ఎక్కువ కాలం మిగల్లేదు. పదేళ్లు తిరిగేసరికి, 1895లో, కట్టీ సార్క్‌ను యజమాని పోర్చుగల్ వాళ్లకు అమ్మేశాడు.