డై హార్డ్ డిస్కులు, ఎబర్ట్ రెండు నక్షత్రాలు: ఏళ్ళ తరబడి చూశాక నా మాట

ముందే చెప్పేస్తున్నా, ఇది ఒక్క డిస్కు గురించి రాస్తున్నది కాదు. డై హార్డ్‌ని (దొంగలు ఆక్రమించిన బిల్డింగ్‌లో ఇరుక్కుని ఒంటరిగా పోరాడే పోలీసు మెక్లేన్ కథ) వీసీడీ రోజుల నుంచి 4కే, అంటే అల్ట్రా హెచ్‌డీ దాకా చూస్తూ, పక్కనే రోజర్ ఎబర్ట్ రివ్యూలు పెట్టుకుని యాక్షన్ సినిమాలు కొంటూ వచ్చాను. ఆ డిస్కులూ ఆ రివ్యూలూ నాకు ఎంతవరకు పనికొచ్చాయో రాస్తున్నా. డిస్కు కొనొచ్చా అంటే నిరభ్యంతరంగా కొనండి. ఎబర్ట్‌ని చదవాలా అంటే తప్పకుండా చదవండి, కాకపోతే సినిమా చూశాక.

తెలియనివాళ్ళకోసం: ఎబర్ట్ 1967 నుంచి 2013లో చనిపోయేదాకా షికాగో సన్-టైమ్స్‌లో రాశారు. సినిమా విమర్శకు పులిట్జర్ అందుకున్న మొదటి వ్యక్తి, అది 1975లో. ఆయనది నాలుగు నక్షత్రాల లెక్క. 1988లో వచ్చిన డై హార్డ్‌కి ఆయన ఇచ్చింది రెండే. 1990లో వచ్చిన రెండో భాగానికి మాత్రం మూడున్నర ఇచ్చారు! 1994లో స్పీడ్‌కి నాలుగుకి నాలుగూ ఇచ్చేశారు, ఆ స్పీడ్ తీసిన యాన్ డి బాంటే డై హార్డ్‌కి కెమెరామన్.

ఆ రెండు నక్షత్రాలు చూసి ఈయనకి యాక్షన్ అంటే పడదనుకుంటారు చాలామంది. రివ్యూ చదివితే అలా ఉండదు. స్టంట్లు, ఎఫెక్ట్స్ బాగున్నాయనే రాశారు. ఆయనకి మింగుడుపడనిది ముఖ్యంగా ఒకే ఒక్క పాత్ర, బిల్డింగ్ బయట నిలబడి ప్రతిదీ తప్పుగా అర్థం చేసుకునే డిప్యూటీ పోలీస్ చీఫ్. పాల్ గ్లీసన్ వేశాడు. హీరోకి అడ్డుపడటానికి తప్ప ఆ మనిషి ఇంకెందుకూ లేడని, సినిమా రెండో సగాన్ని అతనొక్కడే దెబ్బతీశాడని ఎబర్ట్ గోల.

థియేటర్లో ఒకసారి చూసి వచ్చేస్తే ఇది మరీ అతి అనిపించొచ్చు. ఇంట్లో ఏటా చూసేవాళ్ళకి అలా అనిపించదు, ఎందుకంటే మన చేతిలో రిమోట్ ఉంటుంది, ముందుకి తోసేయాలని ఎక్కడ అనిపిస్తుందో అక్కడే సినిమా బలహీనంగా ఉన్నట్టు. నాకు సరిగ్గా ఆ చీఫ్ వచ్చి, బయట నుంచి వాకీటాకీలో మెక్లేన్‌కి తోడుగా మాట్లాడే సార్జెంట్ పావెల్ మీద అరిచే సీన్ల దగ్గరే చెయ్యి రిమోట్ మీదకి పోతుంది. మరి ఎఫ్‌బీఐ (అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ) వాళ్ళు కూడా మూర్ఖంగానే ఉంటారు కదా, వాళ్ళ సీన్లు ఎందుకు విసుగు పుట్టించవు? (సినిమా చూడనివాళ్ళు ఇక్కడ ఆగి చూసి రండి.) దొంగలు తెరవాలనుకునే ఖజానాకి ఏడు తాళాలు. ఏడోది విద్యుదయస్కాంత తాళం, కరెంటు పూర్తిగా పోతే తప్ప ఊడదు. ఎఫ్‌బీఐ తన రూల్స్ ప్రకారం కరెంటు తీయిస్తుంది, దొంగల నాయకుడు హాన్స్ గ్రూబర్ కూర్చుని ఎదురుచూస్తున్నది దానికోసమే. అంటే వాళ్ళ మొండితనం దొంగ ప్లానులో భాగం. డిప్యూటీ చీఫ్ మొండితనం ఎవరి ప్లానులోనూ లేదు, ఊరికే కేకలు.

కాబట్టి తప్పు పట్టుకోవడంలో ఎబర్ట్ కరెక్టు. దానికి వేసిన శిక్షే ఎక్కువ. బయట మెక్లేన్‌ని ఎవరూ నమ్మడం లేదు కాబట్టే వాకీటాకీలో పావెల్ గొంతు వినిపిస్తే మనకి అంత ఊరటగా ఉంటుంది. అలాంటి పాత్ర ఒకటి కావాలి, రాసిన తీరు నాసిగా ఉంది, అంతే. పైగా గ్రూబర్‌గా వేసిన అలన్ రిక్‌మన్ మొదటి సినిమా ఇది, అతను కనబడ్డ ప్రతి సీనూ ఆ లోటు పూడుస్తుంది.

ఇక డిస్కుల సంగతి. ఈ సినిమా ఫ్రేము 2.35:1, బాగా వెడల్పు. పాత టీవీ తెర నిండేలా కత్తిరిస్తే దాదాపు 43 శాతం బొమ్మ పోతుంది, ఎదురెదురుగా ఇద్దరు నిలబడితే ఒకరే మిగులుతారు. పైనా కిందా నల్ల పట్టీలు వచ్చినా సరే బొమ్మ మొత్తం చూపించమని ఎబర్ట్, ఆయన జోడీ జీన్ సిస్కెల్ టీవీలో గట్టిగా వాదించేవాళ్ళు. ఆయన నక్షత్రాలతో నాకు ఎన్ని పేచీలున్నా ఈ ఒక్క విషయంలో మనందరం ఆయనకి రుణపడి ఉన్నాం.

2018లో వచ్చిన 4కే డిస్కు ఇప్పుడు నేను చూసేది. మెక్లేన్ బాత్రూంలో కూర్చుని పాదంలోంచి గాజుపెంకులు పీకుతూ పావెల్‌తో మాట్లాడే సీన్ పెట్టి చూడండి. మొహం మీద మసి, చెమట, రక్తం విడివిడిగా తెలుస్తాయి, పాత డీవీడీలో అదంతా ఒకటే గోధుమరంగు మరక. గ్రెయిన్ (బొమ్మ మీద సన్నటి చుక్కలు) బాగా కనిపిస్తుంది, అది లోపం కాదు, ఫిల్ముది. టీవీలో నాయిస్ రిడక్షన్, మోషన్ స్మూతింగ్ రెండూ ఆపేయండి. నిరాశ ఒక్కటే, సౌండ్. పాత బ్లూరేలో ఉన్న డీటీఎస్ 5.1 ట్రాకే ఇందులోనూ ఇచ్చారు, అట్మాస్ (పైనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ పద్ధతి) లేదు.

ఇండియాలో ఉన్నవాళ్ళకి ఇంకో మాట. మన బ్లూరేలు రీజియన్ సి, అమెరికావి రీజియన్ ఎ, ఒక రీజియన్ డిస్కు ఇంకో రీజియన్ ప్లేయర్లో ఆడకపోవచ్చు. నాకు ఒక అమ్మకందారు అన్ని ప్లేయర్లలోనూ ఆడుతుందని చెప్పి రీజియన్ ఎ డిస్కు అంటగట్టాడు, వెనక్కి తీసుకోలేదు. 4కే డిస్కులకి ఈ రీజియన్ తలనొప్పి లేదు, కాబట్టి బయట నుంచి తెప్పించుకునేవాళ్ళు అవే తెప్పించుకోండి.

ఎబర్ట్‌తో నేను అస్సలు ఒప్పుకోని చోటు ది రెయిడ్. గారెత్ ఎవాన్స్ ఇండోనేషియాలో తీసిన సినిమా, ఎబర్ట్ ఒక్క నక్షత్రంతో సరిపెట్టారు. కొట్టుకోవడమే తప్ప మనుషులు లేరని ఆయన అభ్యంతరం. ఇన్నేళ్ళుగా చదివి నేను గమనించిందేంటంటే, మనుషులు మాట్లాడుకునే యాక్షన్ సినిమా అయితే ఆయన తీర్పు కళ్ళు మూసుకుని నమ్మొచ్చు, శరీరాలే కథ చెప్పే సినిమా అయితే నమ్మకూడదు. రెయిడ్ డిస్కులో హీరో రామా గాయపడ్డ సహచరుడితో గోడ వెనక దాక్కున్న సీన్ ఉంది. అవతలివాడు గోడలోకి కత్తి దించుతుంటాడు, అది రామా చెంప కోస్తుంది, కత్తి వెనక్కి పోతుంటే దానికంటిన రక్తం తుడిచేస్తాడు, చప్పుడు లేకుండా. ఒక్క డైలాగ్ లేదు, ఆ మనిషి ఓర్పు, తెలివి, భయం మూడూ కనిపిస్తాయి. కొంటే ఇంగ్లీషు డబ్బింగ్ పెట్టకండి, ఇండోనేషియన్ ఆడియోలోనే చూడండి.