చెలిని చెల్లిని చేసిన కీబోర్డు

నాలుగు నెలల క్రితం భీమవరంలో ఒక కంప్యూటర్ దుకాణానికి వెళ్లి, 2,900 రూపాయలకు 87 కీల మెకానికల్ కీబోర్డు (ప్రతి కీ కిందా విడిగా ఒక స్విచ్చు ఉండే రకం) ఒకటి, అదే పెట్టెలో దానికి తోడుగా వచ్చే మౌస్ ఒకటి కొన్నాను. కంపెనీ పేరు రాయకపోవడానికి కారణం మొహమాటం కాదు. ఒకే అచ్చులో పోసిన ఈ కీబోర్డును మూడు నాలుగు రకాల స్టిక్కర్లు అంటించి వేర్వేరు పేర్లతో అమ్మడం ఆ దుకాణంలోనే కళ్లారా చూశాను కాబట్టి, ఒక్క పేరు చెప్పి మిగతావాటిని వదిలేయడం న్యాయం అనిపించలేదు. నేను ప్రోగ్రామర్‌ని, పాలకొల్లుకూ నరసాపురానికీ మధ్య కాలువ గట్టున ఉన్న మా ఇంట్లో కూర్చునే హైదరాబాదు ఆఫీసు పని చేస్తాను. పగలంతా కోడు రాసే ఈ చేతులే సాయంత్రం తెలుగు టైపు చేస్తాయి. శుభలేఖ ముసాయిదా కావాలన్నా, గుడి కమిటీ లెక్కలు కావాలన్నా, రొయ్యల చెరువు లీజు కాగితం కావాలన్నా ఊళ్లోవాళ్లు మా అరుగు మీదికే వస్తారు. అందువల్ల ఈ కీబోర్డును రెండు భాషల్లోనూ, రెండు రకాల కోపాల్లోనూ పరీక్షించే అవకాశం నాకు దక్కింది.

ముందుగా మంచి మాటలు. బరువుగా ఉంది కాబట్టి ఎంత వేగంగా టైపు చేసినా బల్ల మీద జరగదు. అక్షరాలు పైపూత కాదు, రెండో రంగు ప్లాస్టిక్‌తో లోపలి నుంచే పోసినవి కావడంతో నాలుగు నెలలకూ ఒక్కటీ చెరగలేదు. దీనికి ఉన్నవి నీలం స్విచ్చులు, అంటే నొక్కిన ప్రతిసారీ టక్కుమని పలికేవి. ఈ పలకడం గురించి కొనేవారు ఒకసారి ఇంట్లోవాళ్లను సంప్రదించడం మంచిది. మొదటి రోజు భోజనాలయ్యాక నేను తలుపు వేసుకుని జోరుగా పని చేస్తూ ఉండగా, రేకుల మీద వాన మొదలైందనుకుని మా అమ్మ ఎండబెట్టిన వడియాల కోసం మేడ మెట్లు ఎక్కేసింది. దిగివచ్చి, పైన మండుటెండ కాస్తోందని నాకు చెప్పిన తీరులో సమీక్ష అంతా ఉంది.

అసలు కథ రెండో నెలలో మొదలైంది. మా బావ తన పెళ్లిరోజుకు సెంటర్లో ఫ్లెక్సీ కట్టించాలనుకుని, రెండు కవితాత్మకమైన వాక్యాలు రాసిపెట్టమని నన్ను అడిగాడు. రాశాను, ఒకసారి చదివాను, బాగున్నాయనుకుని ఫ్లెక్సీ కుర్రాడికి పంపాను. అతను పంపింది పంపినట్టుగా అచ్చు వేసి పొద్దున్నే కట్టేశాడు. ఏడు గంటలకు బావ ఫోను చేశాడు. "ఏం బావమరిదీ, మీ అక్కని నాకు చెల్లెల్ని చేసి నాలుగు రోడ్ల కూడలిలో నిలబెట్టావు కదా" అన్నాడు. వెళ్లి చూస్తే, "నా చెలికి పెళ్లిరోజు శుభాకాంక్షలు" అని నేను రాసిన చోట, ఆరడుగుల వెడల్పున, గులాబీ రంగులో, "నా చెల్లికి" అని ఉంది.

ఇది ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేవాళ్లకు జరిగే ప్రమాదం కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. కీ నొక్కినప్పుడు లోపల రెండు సన్నని లోహపు రేకులు కలుసుకుంటాయి. చెట్టు మీంచి రాలిన కొబ్బరికాయ నేలకు తగిలి ఒకటి రెండుసార్లు ఎగిరి గానీ ఆగదు. ఆ రేకులు కూడా అలాగే మిల్లీసెకన్ల పాటు తగిలి, విడిపోయి, మళ్లీ తగులుతాయి. ఈ ఎగురుళ్లన్నిటినీ ఒకే నొక్కుగా లెక్కపెట్టడం కోసం కీబోర్డులోని చిన్న ప్రోగ్రామ్ కాసేపు ఆగుతుంది. చాలా కీబోర్డులలో ఆ ఆగడం 5 మిల్లీసెకన్ల పరిధిలో ఉంటుంది. రేకుల మీద దుమ్మో తుప్పో చేరితే ఎగురుడు ఆ గడువు దాటిపోతుంది, అప్పుడు ఒక నొక్కు రెండు అక్షరాలవుతుంది. ఇంగ్లీషులో ఇలా జరిగితే చాలావరకు మాట కింద ఎర్ర గీత పడి తప్పు తెలిసిపోతుంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతిలో మాత్రం ఎల్ ఒకటి వస్తే ల, రెండు వస్తే ల్ల. అంటే కీబోర్డు చేసిన తప్పును వ్యాకరణం సగౌరవంగా ఒత్తు ఇచ్చి లోపలికి పిలుస్తుంది. కల కల్ల అవుతుంది, అలా అల్లా అవుతుంది, చెలి చెల్లి అవుతుంది. ఏ ఒక్కటీ తప్పు మాట కాదు, ఏ ఎర్ర గీతా పడదు.

ఆ పద్ధతికి మూలమైన ఆర్టీఎస్ (రైస్ ట్రాన్స్‌లిటరేషన్ స్టాండర్డ్) అనే మాటలోని మొదటి అక్షరం రైస్. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వరి చేల మధ్య ఉన్నవాణ్ణి గనుక అది బియ్యమే అని చాలా కాలం అనుకున్నాను. అది అమెరికాలోని హ్యూస్టన్‌లో ఉన్న రైస్ విశ్వవిద్యాలయం అని తెలిసిన రోజున, డెల్టావాడిగా కాస్త చిన్నబుచ్చుకున్నాను కూడా.

ప్రోగ్రామర్ తన కోడులో తప్పు ఉందంటే ముందు ఎదుటివాడి కోడును అనుమానిస్తాడు. నేనూ ఆ ఆచారం తప్పలేదు. మూడు రోజులు లిప్యంతరీకరణ సాఫ్ట్‌వేర్‌నే, అంటే ఇంగ్లీషు అక్షరాలను తెలుగులోకి మార్చేదాన్నే, నిందించాను. కానీ విచారణ చేయాలంటే ఎవరి పని ఎంతవరకో విడదీయాలి. కీబోర్డుకు తెలుగూ రాదు, ఇంగ్లీషూ రాదు. యూఎస్‌బీ ప్రమాణం ప్రకారం ఎల్ అని రాసి ఉన్న కీ నొక్కితే అది కంప్యూటర్‌కు పంపేది 15 అనే అంకె మాత్రమే. ఆ 15 ఇంగ్లీషు అమరికలో ఎల్ అవుతుంది, భారతీయ భాషల కోసం చేసిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో త అవుతుంది. కాబట్టి పన్నెండు వరుసల ప్రోగ్రామ్ ఒకటి రాసి, ప్రతి నొక్కుకూ ప్రతి వదలడానికీ సమయం వేయించాను. ఎల్ వదిలిన 11 మిల్లీసెకన్లకు మళ్లీ ఎల్ నొక్కినట్టు కనిపించింది. మృదంగ విద్వాంసుడి వేలు కూడా అంత త్వరగా తిరిగి రాదు. నేరం కీబోర్డుదే, సందేహం లేదు.

దుకాణానికి తీసుకువెళ్లాను. యజమాని మర్యాదస్తుడు. కౌంటర్ మీది పాత కంప్యూటర్‌కు ఉన్న కీబోర్డు పీకి, నాది తగిలించబోయే ముందే ఎందుకో కంప్యూటర్‌ను మళ్లీ ఆన్ చేశాడు. తెర మీద ఇంగ్లీషులో రెండు ముక్కలు వెలిశాయి: కీబోర్డు లేదు, కొనసాగడానికి ఎఫ్1 నొక్కండి. ఈ సందేశం మీద మా వృత్తిలోవాళ్లు దశాబ్దాలుగా నవ్వుతూనే ఉన్నారు గానీ, కస్టమర్ చేతిలో పాడైన కీబోర్డు, యజమాని చేతిలో పీకిన కీబోర్డు ఉండగా ఎదురుగా చూడటం నాకు అదే మొదలు. ఇద్దరం నవ్వుకున్నాక ఆయన నాది తగిలించి, ఎల్ ఐదుసార్లు నొక్కాడు. ఐదు ఎల్‌లే వచ్చాయి. "ఆయ్, శుభ్రంగా ఉందండి" అన్నాడు. డాక్టరు గుమ్మం తొక్కగానే జ్వరం తగ్గినట్టు, ఈ జబ్బు అడిగినప్పుడు కనిపించదు. నా ప్రోగ్రామ్ వేసిన లెక్కల కాగితం చూపించాను. అది ఆయన ఎంతో గౌరవంగా మడిచి నాకే తిరిగి ఇచ్చి, "మీది సముద్రం వైపాండి? ఆ గాలికి ఫ్రిజ్జులే ఆగట్లేదండి" అన్నాడు. కొత్తది మాత్రం ఇవ్వలేదు. ఈ విషయంలో దుకాణానికి సగం మార్కులే.

ఇక కీబోర్డు మీద నేను పెట్టుకున్న మిగతా కేసులన్నీ విచారణలో వీగిపోయాయని ఒప్పుకోవాలి. ఫ్లెక్సీ ఉదంతం తర్వాత కొన్నాళ్లు ఇన్‌స్క్రిప్ట్‌కు మారాను. 1991 నాటి ఐఎస్ 13194 అనే భారతీయ ప్రమాణంలో ఉన్న ఈ అమరికలో అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి, ఒత్తు కావాలంటే పొల్లు విడిగా నొక్కాలి. అందువల్ల కీ ఎగిరినా "పాతత" అని బహిరంగంగా తప్పు కనిపిస్తుందే తప్ప, పెద్దమనిషి వేషం వేసుకుని లోపలికి రాదు. అయితే తెలుగు అమరిక ఉన్నప్పుడు కంట్రోల్ సి నొక్కితే కొన్ని ప్రోగ్రాములు కాపీ చేయడం మానేశాయి. కీబోర్డు పంపిన అంకె సరైనదే. కానీ ఆ ప్రోగ్రామ్ రాసినవారు ఏ కీ నొక్కారని కాకుండా ఏ అక్షరం పుట్టిందని అడుగుతున్నారు. సి స్థానంలో ఇన్‌స్క్రిప్ట్‌లో మ ఉంటుంది. అంటే నేను కంట్రోల్ మ నొక్కాను, దానికి అర్థమేమిటో వాళ్ల దగ్గర రాసి లేదు. కంట్రోల్ మ అంటే మడత పెట్టడం అని ఎవరైనా అర్థం చెబితే బాగుండేది.

బ్యాక్‌స్పేస్ పాడైందని కూడా ఒకసారి అనుమానించాను. "స్త్రీ" అన్న మాట చూడటానికి ఒక్క అక్షరం, యూనికోడ్ (కంప్యూటర్లలో ప్రతి లిపి గుర్తుకూ ఒక అంకె ఇచ్చే పద్ధతి) లెక్కలో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ఆ అంకెలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో దాచితే 18 బైట్లు. చాలా సాఫ్ట్‌వేర్లలో బాణం కీతో దాన్ని ఒక్క అడుగులో దాటవచ్చు, ముందు నిలబడి డిలీట్ నొక్కితే మొత్తం ఒక్కసారే పోతుంది, వెనక నుంచి బ్యాక్‌స్పేస్ నొక్కితే మాత్రం దీర్ఘం, ర, పొల్లు అంటూ ఆరుసార్లు ఊడుతుంది. ఇది విడ్డూరంగా కనిపించినా నాకు నచ్చిన ఏర్పాటు, ఎందుకంటే గుణింతం తప్పు పడితే మాట మొత్తం చెరపనక్కర్లేదు. మన అక్షరాలను తెర మీద గీయడం ఎంత పనో తెలియాలంటే 2018 ఫిబ్రవరి గుర్తు చేసుకోవాలి. "జ్ఞా"లో కంటికి కనబడని జోడింపు నిరోధక గుర్తు ఒకటి చేరిన మాట సందేశంగా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి; ఐఫోన్లను నడిపే ఐఓఎస్ సాఫ్ట్‌వేర్ 11.2.6 రూపంతో దాన్ని సరిచేశారు. తెలుగు జ్ఞానం తట్టుకోలేకపోయాయని మా ఆఫీసులో తెలుగేతరులకు ఇప్పటికీ చెబుతూ ఉంటాను.

ఎంటర్ కీ కథ నా పరువుకు సంబంధించినది. లిప్యంతరీకరణలో మాట టైపు చేసి, కింద చూపించిన తెలుగు రూపాన్ని ఎంటర్ నొక్కి ఖాయం చేసుకుంటాం. అలా మాట ఇంకా తయారీలో ఉన్నంతసేపూ బ్రౌజర్ ఏ కీ నొక్కినా పాత పద్ధతిలో 229 అనే ఒకే అంకె చెబుతుంది, తయారీ నడుస్తోందని వేరే గుర్తు కూడా ఇస్తుంది. ఆ గుర్తును పట్టించుకోని చాట్ పెట్టెలో ఎంటర్ అంటే పంపించు అనే. మా మేనేజరు గారికి నా నుంచి "సార్", "రేపు", "నాకు", "జ్వరం" అని నాలుగు సందేశాలు విడివిడిగా వెళ్లాయి. "వస్తుందని ముందే తెలిసిందా?" అని ఆయన అడిగారు. "సార్, రేపు నాకు జ్వరం తగ్గకపోవచ్చు" అని నేను పూర్తి చేయబోయిన వాక్యం ఈరోజుకీ పూర్తి కాలేదు.

మౌస్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. సెకనుకు 1000 సార్లు కంప్యూటర్‌కు కబురు పంపుతుందని పెట్టె మీద గొప్పగా వేశారు. మామూలు మౌస్ 125 సార్లు పంపుతుంది, అంటే 8 మిల్లీసెకన్లకు ఒకసారి. వానాకాలంలో మా ఇంటి నుంచి హైదరాబాదు సర్వర్‌కు కబురు వెళ్లి రావడానికి పట్టే కాలంతో పోలిస్తే ఆ తేడా గోదావరిలో చెంబెడు నీళ్లు. హాల్లో ఉన్న గాజు బల్ల మీద పనిచేయదు, ఎందుకంటే కింది ఉపరితలాన్ని ఫొటోలు తీసి పోల్చుకునే యంత్రానికి గాజులో పోల్చడానికి ఏమీ దొరకదు. ఎరువుల కొట్టువారు ఇచ్చిన క్యాలెండర్ అట్ట మీద దివ్యంగా నడుస్తోంది. డబుల్ క్లిక్‌కు విండోస్ మామూలుగా ఇచ్చే గడువు 500 మిల్లీసెకన్లు. మా నాన్నగారికి అది చాలదు, ఆయన రెండు క్లిక్కుల మధ్య ఆలోచించుకుంటారు. సెట్టింగుల్లో గడువు పెంచాను.

ఎల్ కీని చివరికి ఇంట్లోనే బాగు చేశాను, ఈ కీబోర్డును మెచ్చుకోవలసిన పెద్ద కారణం అదే. స్విచ్చులు అతికించినవి కావు. పెట్టెలో ఇచ్చిన చిన్న పట్టకారుతో పట్టి లాగితే పన్ను ఊడినట్టు ఊడి వస్తాయి, మరొకటి నొక్కితే కూర్చుంటుంది. ఊడిన స్విచ్చును వెలుతురులో పట్టుకుని చూస్తే దాని రెండు రాగి కాళ్లలో ఒకటి పచ్చగా చిలుము పట్టి ఉంది. అదనపు స్విచ్చులు పెట్టెలో ఇవ్వలేదు, ఇవ్వవలసింది. కాబట్టి 87 కీలలో ఉద్యోగం లేకుండా జీతం తీసుకుంటున్నది ఎవరా అని వెతికితే స్క్రోల్ లాక్ దొరికింది. నా ఎరుకలో దాని ఉనికి బయటపడింది ఒక్కసారే: రొయ్యల మేత దుకాణంలో గుమస్తా గారు ఎక్సెల్‌లో బాణం కీ నొక్కితే గడి మారకుండా పేజీ మొత్తం జరిగిపోతోందని, వైరస్ పట్టిందని నన్ను పిలిపించినప్పుడు. దాని స్విచ్చు పీకి ఎల్ కింద పెట్టాను, ఎల్ స్విచ్చు తీసుకెళ్లి దాని కింద పెట్టాను.

రెండు నెలలుగా చెలి చెలిగానే ఉంది. ఇదే కీబోర్డును ఇంకొకరికి కొనమని చెబుతాను, అదనంగా పది స్విచ్చులు కొని డబ్బాలో బియ్యం మధ్య దాచుకోమని కూడా చెబుతాను. చిలుము పట్టిన ఆ స్విచ్చు ఇప్పటికీ ఒక్కోసారి రెండుసార్లు పలుకుతుంది. అలాంటప్పుడు స్క్రోల్ లాక్ దీపం ఒక్క క్షణం వెలిగి ఆరిపోతుంది, ఎక్కడా ఏమీ మారదు.