ఐదేళ్ల తర్వాత: నా పాతకాలపు డల్సిమర్, దాని ఐదో మెట్టు

ముందే చెప్పేస్తున్నాను, ఈ సమీక్షలో సగానికి పైగా ఒక్క మెట్టు (ఫ్రెట్) గురించే ఉంటుంది. మౌంటెన్ డల్సిమర్ అంటే అమెరికా కొండప్రాంతాల్లో ఒళ్లోనో బల్ల మీదో పెట్టుకుని మీటే తీగల వాయిద్యం. ఎలా ఉంటుందో ఫొటో చూస్తే తెలిసిపోతుంది కాబట్టి ఆ కొలతల జోలికి పోను. నాది ఎడ్ థామస్ పద్ధతిలో చేసిన నకలు. ఆయన కెంటకీ రాష్ట్రం నాట్ కౌంటీలో 1871లో వీటిని చేయడం మొదలుపెట్టి, ముసలితనం దాకా చేస్తూనే ఉన్నాడు. ఒక్కోదానికీ నంబరు వేసి కాగితం అంటించేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్న జెత్రో ఆంబర్గీ తర్వాత హిండ్‌మన్‌లోని సెటిల్‌మెంట్ స్కూల్లో పిల్లలకి చెక్కపని నేర్పాడు. ఆ కొండల్లో పాతవాళ్లు దీన్ని డల్సిమోర్ అంటారు. నేనుండేది లెక్సింగ్టన్‌లో. అక్కణ్ణుంచి కార్లో వెళ్లి, తూర్పు కొండల్లో ఉండే ఒక పెద్దాయన చేత చేయించుకున్నాను.

ఇప్పటి డల్సిమర్లకీ దీనికీ అసలు తేడా మెట్లలోనే. ఇప్పటివాటికి గిటార్‌కి ఉన్నట్టు మెట్లు ఈ చివర నుంచి ఆ చివరకి ఉంటాయి. దీనికి మాత్రం వంచిన సన్నటి ఇనప తీగ ముక్కలు, స్టేప్లర్ పిన్నుల్లాంటివి, చెక్కలోకి దిగ్గొట్టి ఉంటాయి. అవి కూడా మనవైపున్న ఒక్క తీగ కిందే. మిగతా రెండు తీగల కింద ఏమీ ఉండదు, వాటి పని శ్రుతి మోగడమే. ఎడమ చేత్తో చిన్న కర్రపుల్ల పట్టుకుని ఆ ఒక్క తీగ మీద జరుపుతూ, కుడి చేత్తో టర్కీ కోడి ఈక కాడతో మూడు తీగల్నీ మీటాలి. అంతే వాయించడం.

స-ప-ప శ్రుతి (లావు తీగకి షడ్జం, మిగతా రెండిటికీ పంచమం) చేస్తే షడ్జం మూడో మెట్టు మీద వస్తుంది. ఖాళీ తీగ కింది పంచమం. మెట్లన్నీ కలిపితే శంకరాభరణం. అంతర గాంధారం పడేది ఐదో మెట్టు మీద. నా గొడవంతా దాంతోనే.

మొదటి ఏడాది నాకేమీ తేడా తెలియలేదు, హాయిగా వాయించుకున్నాను. రెండో ఏడాది ఆఫీసులో గిటార్ వాయించే అబ్బాయి ఒకడు వాయిద్యం తలకి తగిలిస్తే స్వరం సరిగ్గా ఉందో లేదో చూపే క్లిప్ ట్యూనర్ ఇచ్చాడు. ఊరికే కూర్చోక ఒక్కో మెట్టూ నొక్కి చూశాను. మూడు బానే ఉంది, నాలుగు బానే ఉంది, ఐదు దగ్గర ముల్లు ఎడమవైపు పడిపోయింది. దాదాపు 15 సెంట్లు తక్కువ (పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు). మళ్లీ చూశాను, మళ్లీ అంతే. ఇంత డబ్బు పోసి కొంటే మెట్టు తప్పు కొట్టాడా ఈయన అని ఒళ్లు మండింది. ఆయనకి మెయిల్ రాస్తే, శ్రుతి తీగలతో కలిపి ఇంకొన్నాళ్లు వాయించి చూడు, ఇప్పుడే కదపకు అని జవాబిచ్చాడు. తప్పించుకోవడానికి అలా అంటున్నాడనుకున్నాను.

ఒక శనివారం పొద్దున లెక్క కట్టాను. నా తీగ పొడవు 27 అంగుళాలు. ట్యూనర్ చెప్పే చోటికి రావాలంటే ఐదో మెట్టు బ్రిడ్జి వైపు, అంటే బిరడలకి ఎదురు చివర తీగలు ఆనే చెక్క వైపు, 3.7 మిల్లీమీటర్లు జరగాలి. సన్న పట్టకారతో లాగితే ఒక కాలు సులువుగా వచ్చింది, రెండోది చెక్కని కాస్త చీల్చుకుంటూ వచ్చింది. కొత్త చోట రెండు చిన్న రంధ్రాలు పెట్టి దిగ్గొట్టాను. ట్యూనర్ పచ్చగా వెలిగింది. ఇంజినీరింగ్ చదివినందుకు ఈ ఒక్కరోజూ గర్వపడ్డానని మా ఆవిడతో అన్నాను కూడా.

ఆ సాయంత్రం వాయిస్తే గాంధారం దగ్గర మొత్తం వణికింది. ఆ స్వరం మీద ఆగితే చాలు, వాయిద్యమంతా వావ్ వావ్ వావ్ అని కొట్టుకుంటోంది. బిరడలు జారుతున్నాయేమోనని బిగించాను. తీగ పాతబడిందేమోనని మార్చాను. మెట్టు సరిగ్గా దిగలేదేమోనని ఇంకో దెబ్బ వేశాను. వారం గడిచినా తగ్గలేదు.

విజయనగరంలో మా పిన్నికి బొబ్బిలి వీణ ఉంది. నా చిన్నప్పుడు గొల్లపల్లి నుంచి ఒకాయన వచ్చి పాత మైనం కరిగించి, మెట్లన్నీ ఊడదీసి మళ్లీ కూర్చేవాడు. తీగ మీటడం, వినడం, మెత్తటి మైనం మీద మెట్టుని వేలితో ఒక్క నూలు జరపడం, మళ్లీ మీటడం. రోజంతా అదే పని. అది గుర్తొచ్చి పిన్నికి ఫోన్ చేశాను. వాట్సాప్ కాల్‌లో శ్రుతి తీగల మోత వినిపించదు, అదేదో ఫ్యాన్ చప్పుడనుకుని కోసేస్తుంది. అందుకని రికార్డు చేసి పంపాను.

"గాంధారం ఎందుకురా అలా కొట్టుకుంటోంది? నీ శ్రుతితో దానికి పడట్లేదు" అంది. ట్యూనర్ సంగతి చెప్పాను. "దాన్ని పక్కన పడెయ్. తంబురా మీటితే గాంధారం దానంతటదే వినిపిస్తుంది కదా, నీ లావు తీగలో కూడా ఉంటుంది. అది విని చూడు."

విన్నాను. లావు తీగని బిరడల వైపు నుంచి ఐదో వంతు దగ్గర, అంటే అయిదున్నర అంగుళాలకి కాస్త ముందు, వేలు ఊరికే ఆనించి మీటితే సన్నగా గాంధారం పలికింది, పై స్థాయిలో. నేను జరిపిన ఐదో మెట్టుకి అది అస్సలు కలవలేదు. పాత రంధ్రాల దగ్గర తీగ నొక్కి చూస్తే మాత్రం అచ్చంగా అదే. ట్యూనర్ చూపించేది పియానో గాంధారం, పన్నెండు స్వరాలకీ సమానంగా పంచిన మెట్టు. తీగలో తనంతట తాను పుట్టే గాంధారం దానికన్నా దాదాపు 14 సెంట్లు కింద ఉంటుంది. నా శ్రుతిలో ఆ రెండూ ఎదురుపడితే సెకనుకి దాదాపు ఆరుసార్లు కొట్టుకుంటాయి. వారం పాటు నేను విన్నది ఆ ఆరు దెబ్బలే. పెద్దాయన మెట్టు సరిగ్గానే పెట్టాడు.

పాత వాయిద్యాలన్నీ ఇలాగే ఉంటాయని చెప్పలేను. చేసినవాళ్ల చెవిని బట్టి ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. నాది ఇలా ఉంది.

వెనక్కి పెట్టడం అంత సులువుగా అవ్వలేదు. పాత రంధ్రాలు వదులైపోయాయి. పళ్లపుల్ల ముక్కలు జిగురుతో దూర్చి, ఆరాక మళ్లీ కొట్టాను. ఆ మెట్టు ఒక వెంట్రుకవాసి ఎత్తుగా కూర్చుంది, దాంతో నాలుగో మెట్టు మీద వాయించినప్పుడు తీగ దానికి తగిలి జీరగా మోగేది. ఆకురాయితో తీశాను, తొంభై శాతం పోయింది. చలికాలంలో ఆ జీర ఇప్పటికీ వస్తుంది. అందుకు నక్షత్రాలు తగ్గిస్తే నాకే తగ్గించాలి.

తర్వాతి ఏడాది అదే నమూనా కాగితం మీద గీసుకుని గ్యారేజీలో రెండోది నేనే చేశాను. చెక్క వంచడం, అతకడం కష్టమే గానీ వీడియోలు చూస్తే అయిపోయింది. మెట్లకే రెండు సాయంత్రాలు పట్టింది. తీగ కింద సన్నటి కమ్మీ ముక్క దూర్చి, శ్రుతి తీగలతో కలిపి మీటుతూ, వణుకు ఆగిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాను. గాంధారం నిమిషంలో దొరికింది. ఆరో మెట్టు, అంటే మధ్యమం, మాత్రం ఇప్పటికీ అనుమానమే. పక్కనే పంచమం మోగుతుంటే అది ఎక్కడుండాలో నా చెవికి తేలదు. పెద్దాయన దానిలో అది బానే ఉంది. చేత్తో చేసిందని నాదాన్ని వెనకేసుకురాను, వాయించాలనిపిస్తే ఆయన చేసిందే తీస్తాను.

ఇక మొదట్లో నేను గొప్పగా చెప్పిన కొన్ని మాటలు. ట్యూనింగ్ బెడద లేదని చాలామందికి చెప్పాను. అది జూన్‌లో చెప్పిన మాట. జనవరిలో ఇంట్లో హీటర్ నడుస్తుంటే గాలి ఎండిపోయి చెక్క బిరడలు పట్టు వదిలేస్తాయి, సుద్దముక్క రాసి లోపలికి నొక్కుతూ తిప్పాలి. గది నిండా వినిపిస్తుందనీ అన్నాను. ఖాళీ చెక్క బల్ల మీద పెట్టి వాయిస్తే నిజమే, బల్ల కూడా మోగి చప్పుడు బాగా పెరుగుతుంది. ఒళ్లో పెట్టుకుంటే పక్కగదిలోకి కూడా వెళ్లదు.

అన్నిటికన్నా, మొదటి వాయిద్యంగా ఇదే కొనమని ఒక స్నేహితుడికి చెప్పడం తప్పు. వాళ్లబ్బాయికి సినిమా పాటలు కావాలి, ఇందులో ఉన్నవి ఏడు స్వరాలే. నొట్టుస్వరాలు, అంటే దీక్షితర్ పాశ్చాత్య బాణీల్లో కట్టిన చిన్న పాటలు, ముద్దుగా వస్తాయి. మెట్లున్న తీగని పై షడ్జానికి మార్చుకుంటే ఖాళీ తీగ నుంచి హరికాంభోజి వస్తుంది, కానీ దానికి ఇంకాస్త సన్నటి తీగ వెయ్యాలి. గమకాల సంగతి మర్చిపోవాలి. మా అమ్మాయి కీబోర్డుతో కలిపి వాయిస్తే నా గాంధారం కిందికి జారినట్టే ఉంటుంది. "నాన్నా, నువ్వు తప్పు" అంటుంది. కీబోర్డు లెక్కలో తను చెప్పేది కరెక్టే.

రాత్రి పదయ్యాక ఒక్కడినే అరగంట కూర్చునే నాలాంటివాడికి ఇది సరిపోయింది. నలుగురితో కలిసి వాయించేవాళ్లకి సరిపోతుందని అనుకోను. ఒకవేళ చేయించుకుంటే, ఆరుకీ ఏడుకీ మధ్య ఆరున్నర మెట్టు వెయ్యమంటారా అని చేసేవాళ్లు అడుగుతారు. పాతవాటికి అది ఉండదు కాబట్టి నేను వద్దన్నాను. ఇప్పటి డల్సిమర్ బృందాలతో కూర్చోవాలనుంటే వేయించుకోండి, తర్వాత ఆ మెట్టు మీరే దిగ్గొట్టుకునే పని పెట్టుకోకండి.