ముప్పావలా వడ్డీకి ఏడాది ఎంబీఏ: నా లెక్క

ఏడాది ఎంబీఏ పూర్తి చేసి ఏడాదిన్నర అయింది. ఫైనాన్స్‌లో ఉన్నవాళ్ళు ఈ కోర్సుకి వెళ్ళొచ్చా అని నెలకి ఇద్దరైనా ఫోన్ చేస్తున్నారు. అందరికీ కలిపి ఒకేసారి రాసేస్తున్నా. నా మార్కు 5కి 3.

ముందు నా సంగతి. నరసరావుపేటలో బీకాం. తర్వాత హైటెక్ సిటీలో ఒక విదేశీ బ్యాంకు ఆఫీసులో ఆరేళ్ళు ఫండ్ అకౌంటింగ్. మ్యూచువల్ ఫండ్ల ఎన్ఏవీ (ఒక్కో యూనిట్ విలువ) కట్టడం, ఫండ్ షేర్లు భద్రపరిచే కస్టోడియన్ లెక్కకీ మా లెక్కకీ తేడా వస్తే ఆ తేడా ఎక్కడుందో అర్ధరాత్రి దాకా వెతకడం. సీటీసీ ఏడాదికి 14 లక్షలు, చేతికి నెలకి 97,000. టీమ్ లీడ్ అయ్యాక కూడా పని అదే. ఫండ్ నడిపేవాళ్ళు ఫలానా షేరు కొన్నారని మాకు తెలిసేది. ఎందుకు కొన్నారో ఎప్పుడూ తెలిసేది కాదు. ఆ ‘ఎందుకు’ దగ్గరికి వెళ్ళాలని ఎంబీఏ ఆలోచన.

గచ్చిబౌలిలో ఐఎస్‌బీ అనే బిజినెస్ స్కూల్ 2001లో మొదలైంది కాబట్టి ఏడాది ఎంబీఏ అన్న మాట మనకి కొత్తేమీ కాదు. అహ్మదాబాద్ ఐఐఎంలో పీజీపీఎక్స్, బెంగళూరులో ఈపీజీపీ, కలకత్తాలో ఎంబీఏఎక్స్ ఉన్నాయి. నేను చదివింది వీటిలో లేదు. పేరు రాయను.

ఫీజు, హాస్టల్ కలిపి 30 లక్షలు. లోన్ 9 శాతం అని చెప్పగానే నాన్న "అంటే ముప్పావలా వడ్డీ, బాగానే ఉందే" అన్నారు. ఆయనది ఎరువుల కొట్టు. బజార్లో రెండు రూపాయల వడ్డీ చూసిన మనిషికి ముప్పావలా చవకే. కాసేపాగి, "మరి నువ్వు ఏడాది కొట్టు మూసేస్తున్నావు కదరా, ఆ లెక్క ఏదీ?" అన్నారు. నా దగ్గరున్న ఎక్సెల్ షీట్‌లో ఆ లైనే లేదు! యూరియా బిల్లు వెనక ఆయనే రాశారు: ఫీజు 30,00,000. పోయే జీతం 11,64,000. మొత్తం 41,64,000. తర్వాత క్లాసులో ఆపర్చునిటీ కాస్ట్ అని రెండు గంటలు చెప్పింది ఇదే.

చదువు బాగుంది, ఆ మాట చెప్పి తీరాలి. ముఖ్యంగా వర్కింగ్ క్యాపిటల్ (వ్యాపారంలో రోజూ తిరిగే డబ్బు) చెప్పిన మేడమ్. లిస్టెడ్ కంపెనీల బ్యాలెన్స్ షీట్ తీసి, పేరు కొట్టేసి చేతికిచ్చి, "ఇది ఏ వ్యాపారమో చెప్పండి" అనేవారు. సరుకు నిల్వ ఎన్ని రోజులు, బాకీలు వసూలు కావడానికి ఎన్ని రోజులు అన్నది చూసి చెప్పాలి. మొదటి రోజు ఒక్కటీ చెప్పలేకపోయాను. నెల తిరిగేసరికి సూపర్ మార్కెట్ ఏదో, సిమెంట్ కంపెనీ ఏదో పట్టేస్తున్నాను. డెటర్ డేస్ (బాకీ వసూలుకి పట్టే రోజులు) 45 అంటే ఎక్కువ అని ఒకాయన వాదిస్తుంటే నాకు నవ్వొచ్చింది. వానాకాలం ముందు అప్పిచ్చి, సంక్రాంతికి పత్తి డబ్బులు వచ్చాక వసూలు చేసుకునే మా కొట్టుకి అది 180. ఎన్ఏవీ కట్టిన ఆరేళ్ళలో అంకెలు సరిపోయాయా లేదా అనే చూశాను. ఒక అంకె వెనక మనుషులు ఏం చేస్తున్నారో చూడటం ఆ మేడమ్ క్లాసులోనే వచ్చింది. మూడు స్టార్లలో రెండు ఆ మేడమ్‌వే. మిగతా సబ్జెక్టుల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, మెస్ సాంబారు గురించి అసలే లేదు.

ఇక ప్లేస్‌మెంట్. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ (కంపెనీల కొనుగోళ్ళు, విలీనాలు, నిధుల సేకరణ లాంటి డీల్స్ చేయించే పని) ఇంటర్వ్యూ ఒక్కటే దొరికింది, దానికి మూడు నెలలు చదివాను. మొదటి ప్రశ్న ఊహించిందే: డిప్రిసియేషన్ (మెషినరీ అరుగుదల ఖర్చు) 10 రూపాయలు పెరిగితే మూడు స్టేట్‌మెంట్లలో, అంటే లాభనష్టాల ఖాతా, క్యాష్ ఫ్లో, బ్యాలెన్స్ షీట్‌లో ఏం మారుతుంది? పన్ను 25 శాతం అనుకుంటే లాభం 7.50 తగ్గుతుంది. పన్ను 2.50 మిగిలి క్యాష్ అంత పెరుగుతుంది. ఆస్తుల్లో మెషినరీ 10 తగ్గి క్యాష్ 2.50 పెరిగింది కాబట్టి నికరంగా 7.50 తగ్గినట్టు. అటు రిజర్వ్స్‌లో (కూడబెట్టిన లాభాల్లో) కూడా అదే 7.50 తగ్గుదల. తడబడకుండా చెప్పేశాను. రెండో ప్రశ్న: "మీరు పనిచేసిన డీల్ ఒకటి చెప్పండి." ఫండ్ అకౌంటింగ్ గురించి మొదలుపెట్టాను. ఇంటర్వ్యూ చేస్తున్నాయన మధ్యలోనే ఆపి, "అదంతా డీల్ అయిపోయాక పని కదా" అన్నారు. వెటకారం లేదు, మామూలుగానే అన్నారు. పన్నెండు నిమిషాల్లో బయట ఉన్నాను.

కిటుకు ఇక్కడుంది. రెండేళ్ళ ఎంబీఏలో మధ్యలో వేసవి ఇంటర్న్‌షిప్ ఉంటుంది. రెండు నెలలు పని చేయించుకుని, నచ్చినవాళ్ళకి బ్యాంకులు అప్పుడే ప్రీ ప్లేస్‌మెంట్ ఆఫర్ (ముందే ఉద్యోగం ఖాయం) ఇచ్చేస్తాయి. ఏడాది కోర్సులో ఆ వేసవే లేదు. కొత్త పని చేసి చూపించే చోటు లేకపోతే వాళ్ళు చూసేది పాత పనే. మా బ్యాచ్‌లో బ్యాంకింగ్‌కి వెళ్ళింది నలుగురు. నలుగురూ అంతకుముందే డీల్స్ చేసిన సీఏలు. అడ్మిషన్ అప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. బ్రోచర్‌లో ‘ఫైనాన్స్’ అన్న గడిలో బ్యాంకు సేల్స్, లోన్ కంపెనీ ఆపరేషన్స్ కూడా కలిపేశారని చేరాక తెలిసింది. ఒక స్టార్ అక్కడ పోయింది. ఐఐఎం అహ్మదాబాద్ చొరవతో వచ్చిన ఐపీఆర్ఎస్ అనే ప్లేస్‌మెంట్ రిపోర్టు పద్ధతిలో లెక్కలిచ్చే స్కూలైతే ఏ పనికి మీడియన్ (వరసలో సరిగ్గా మధ్యనున్న) జీతం ఎంతో విడిగా చూడొచ్చు. ఆ రిపోర్టు అడగండి. సగటు జీతం చూసి మోసపోకండి.

నాకు చివరికి వచ్చింది హైదరాబాద్‌లోనే ఒక ఫార్మా కంపెనీ ట్రెజరీలో (కంపెనీ డబ్బు చూసుకునే విభాగంలో) ఉద్యోగం. ఎగుమతుల డాలర్లు ఎప్పుడు వస్తాయో అంచనా వేసి, ఎంతకి ఫార్వర్డ్ కవర్ తీసుకోవాలో, అంటే డాలరు రేటు ముందే ఖాయం చేసుకోవాలో చూడటం. పని నచ్చింది. ఆ ‘ఎందుకు’ ఇక్కడ రోజూ వినపడుతుంది, మూడో స్టార్ దానికి. చేరినప్పుడు చేతికి 1,42,000 వచ్చేది. 30 లక్షలకి పదేళ్ళ ఈఎంఐ 38,000. పాత జీతం మీద 45,000 పెరిగి, ఈఎంఐ పోగా మిగిలేది 7,000. కొత్త ట్యాక్స్ రెజీమ్‌లో ఈ వడ్డీకి పన్ను మినహాయింపు కూడా లేదు. ఇంకో స్టార్ ఈ లెక్కకి పోయింది.

పాత టీమ్‌లో నా పక్క సీటు అమ్మాయి ఉద్యోగం చేసుకుంటూనే సీఎఫ్ఏ (పెట్టుబడుల విశ్లేషణ మీద మూడు లెవెల్స్ పరీక్ష) రెండు లెవెల్స్ పాసై, అదే బ్యాంకులో రీసెర్చ్ సపోర్ట్‌కి మారింది. మూడో లెవెల్ మిగిలింది. తన కొట్టు ఒక్కరోజు కూడా మూయలేదు.

కాబట్టి ఇప్పటికే డీల్స్‌లోనో కార్పొరేట్ ఫైనాన్స్‌లోనో ఉండి, పై మెట్టు కోసమైతే వెళ్ళండి. నాలాగా బ్యాక్ ఆఫీసు నుంచి కంపెనీ ఫైనాన్స్‌కి రావాలన్నా పనికొస్తుంది, కాస్త ఖరీదెక్కువ. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగే కావాలంటే మాత్రం క్యాట్ రాసి రెండేళ్ళది చూసుకోండి.

చదివినంత కాలం నెలకి 22,500 వడ్డీ నాన్నే కట్టారు. ఆ యూరియా బిల్లు ఇప్పటికీ కొట్టు గల్లాపెట్టెలో ఉంది. పోయిన నెల నాకు ఇంక్రిమెంట్ వచ్చిందని తెలిసి, అందులో తర్వాత రాసుకున్న నెల మిగులు 7,000 కొట్టేసి 13,000 అని రాసుకున్నారట. అమ్మ చెప్పింది.